యోగా ఎందుకు చేస్తున్నారూ అంటే...

యోగా ఎందుకు చేస్తున్నారని ఎవర్నైనా అడిగి చూడండి. మొదట వచ్చే సమాధానాన్ని మాత్రం నమ్మకండి. "ఏముందండీ, ఆరోగ్యం కోసం" అంటారు. అది సమాధానం కాదు, మర్యాద. "బావున్నారా" అంటే "ఆఁ, మీ దయవల్ల" అన్నట్టు. అసలు కారణం ఆ వెనకాల ఎక్కడో ఉంటుంది. రెండు మూడు నెలలు పక్కపక్క చాపల మీద పడుకుని లేస్తే తప్ప బయటికి రాదు.

ఇంత గట్టిగా ఎలా చెప్తున్నానంటే, మా అపార్ట్‌మెంటులో (నిజాంపేట వైపు లెండి) యోగా క్లాసు లెక్కలు చూసేది నేనే. సాఫ్ట్‌వేర్ వాడు అసోసియేషన్ కమిటీలో ఉంటే ఎక్సెల్ షీటు వాడి నెత్తిన పడటం ప్రకృతి ధర్మం. ఎవరు చేరారు, ఎవరు ఫీజు కట్టారు, ఎవరు మానేశారు అన్నీ నా దగ్గరే ఉంటాయి. మా టీచరు గారు రాజమండ్రి ఆవిడ, యాభై దాటాయి. చేరేటప్పుడు ఒక కాగితం నింపించుకుంటారు. అందులో బీపీ, షుగరు, ఆపరేషన్లు వగైరాల తర్వాత చివర్న "ఎందుకు చేరుతున్నారు?" అని ఒక గడి. దాదాపు అందరూ ఆరోగ్యం అనే రాస్తారు. కొందరు స్ట్రెస్ అని రాస్తారు. మూడు నెలలయ్యాక ఆవిడ మళ్ళీ అడుగుతారు, ఈసారి కాగితం లేకుండా, క్లాసు అయ్యాక మెట్ల మీద కూర్చుని. ఆ రెండో సమాధానం ఎక్సెల్లోకి ఎక్కదు. ఎక్కించకూడదు కూడా.

కింద చెప్పబోయే వాళ్ళని మా బ్లాకు వాళ్ళు కూడా పోల్చుకోకుండా వివరాలు కాస్త అటూ ఇటూ మార్చాను. వాళ్ళ మాటలు మాత్రం మార్చలేదు.

ముందు నా సంగతి. 2011లో ఒక పొద్దున్నే వాష్ బేసిన్ మీదకి వంగి పళ్ళు తోముకుంటూ తుమ్మాను. అంతే. నిటారుగా లేవలేకపోయాను. పదేళ్ళపాటు అమెరికా క్లయింటు టైముకి, వాడి కాల్సుకి, వాడి రిలీజులకి కుర్చీలో కూలబడిన నడుం ఒక్క తుమ్ముతో లెక్క తేల్చేసింది. ఎమ్మారై తీస్తే ఎల్-4, ఎల్-5 మధ్య డిస్కు కాస్త ముందుకొచ్చిందన్నారు. (ఈ రెండు వెన్నుపూసల పేర్లు తెలియని సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఉన్నాడంటే వాడు ఇంకా ఫ్రెషరే అని అర్థం.) ఆపరేషన్ అవసరం లేదు, కదులుతూ ఉండండి, నడుం చుట్టూ కండ పెంచుకోండి అని డాక్టరు పంపేశాడు. ఫిజియోథెరపీ కొన్నాళ్ళు చేశాను. నొప్పి తగ్గగానే మానేశాను, అందరిలాగే. మళ్ళీ పట్టేసింది. అప్పుడు పక్క ఫ్లాట్ పిన్నిగారు వాళ్ళ యోగా క్లాసుకి రమ్మంటే వెళ్ళాను. అంటే నేను యోగాకి పోలేదు, నొప్పి నన్ను తోలుకుపోయింది.

పనిచేసిందా అంటే చేసింది. ఎంత చేసింది అన్నది వేరే ప్రశ్న. అమెరికాలో వైద్యుల సంఘం ఒకటి (అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్) 2017లో ఇచ్చిన సూచనల్లో, దీర్ఘకాలం వేధించే నడుంనొప్పికి మందుల కంటే ముందు ప్రయత్నించాల్సిన వాటిలో యోగాని కూడా చేర్చింది. బావుంది. కానీ ప్రయోగాలన్నిటినీ ఒకచోట చేర్చి జల్లెడ పట్టే కోక్రేన్ వాళ్ళు తేల్చిందేమిటంటే, ఏ వ్యాయామమూ చెయ్యని వాళ్ళతో పోలిస్తే యోగా చేసేవాళ్ళకి కాస్త మెరుగు. కాస్తే. ఇంకో రకం వ్యాయామం చేసేవాళ్ళతో పోలిస్తే పెద్ద తేడా కనబడలేదు. ఈ ముక్క మా క్లాసులో చెప్తే మొహాలు మాడ్చుకున్నారు. నాకైతే ఇందులో చిన్నతనం ఏమీ కనబడదు. పనిచేస్తుంది, మంత్రంలా పనిచెయ్యదు. మనం రాసే సాఫ్ట్‌వేర్‌లో ఎంత భాగం గురించి ఈ మాటైనా చెప్పగలం?

మరి ఏ వ్యాయామమైనా ఒకటే అయితే జనం యోగాకే ఎందుకొస్తున్నట్టు? ఇక్కడే ఆ రెండో సమాధానాలు అవసరమవుతాయి.

2023లో మన ఫీల్డులో ఉద్యోగాలు ఎలా ఊడాయో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ ఏడాది ఒకతను చేరాడు. నలభై దాటిన మనిషి, ఇద్దరు పిల్లలు, ఫ్లాటు మీద లోను, తల్లిదండ్రులు ఇతని దగ్గరే ఉంటారు. కాగితంలో స్ట్రెస్ అని రాశాడు. ఒక్కరోజు మానలేదు. వర్షం పడ్డా, కరెంటు పోయినా అయిదూ నలభైకల్లా హాలు తలుపు దగ్గర ఉండేవాడు. ఆసనాలు మాత్రం అంతంతమాత్రం. మూడు నెలల తర్వాత తెలిసింది, చేరిన వారం ముందే అతని ఉద్యోగం పోయిందని. భార్యకి తెలుసు. అమ్మానాన్నలకి చెప్పలేదు. రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని లాప్‌టాప్ బ్యాగుతో బయల్దేరి ఎక్కడెక్కడో కూర్చుని అప్లికేషన్లు పెట్టుకుని సాయంత్రం వచ్చేవాడట. టీచరు గారు "ఎందుకు బాబూ ఇంత పట్టుదల" అని అడిగితే అతనన్నది ఇది: "రోజులో ఒక్క చోటికైనా టైముకి వెళ్ళాలి కదండీ."

ఆ ఏడు నెలలూ అతని పేరు ఎదురుగా 'కట్టారు' అని వెయ్యమన్నారు ఆవిడ. వేశాను. ఉద్యోగం వచ్చాక అతను బాకీ మొత్తం తెచ్చిచ్చాడు. దాన్ని ఏ కాలమ్‌లో వెయ్యాలో తెలీక అడ్వాన్సు అని వేశాను. ఇప్పుడతను శనివారాలు మాత్రమే వస్తాడు. చక్రాసనం ఇప్పటికీ రాదు.

ఇంకొకావిడ. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఇంట్లో అత్తగారు, మామగారు, పదో క్లాసు పిల్లాడు, ఫోను వదలని భర్త. కాగితంలో థైరాయిడ్ అని రాసింది, థైరాయిడ్ ఉన్నమాట నిజమే. కానీ క్లాసు మొత్తానికి ఆవిడ ఎదురుచూసేది చివర్న శవాసనం కోసం. వెల్లకిలా పడుకుని రెండు నిమిషాలు తిరక్కుండా నిద్రపోతుంది. చిన్నగా గురక కూడా. శవాసనంలో నిద్రపోకూడదంటారు, ఎరుకతో ఉండాలట. మిగతావాళ్ళు నిద్రపోతే టీచరు గారు కాలి బొటనవేలు తట్టి లేపుతారు. ఆవిడని లేపరు. ఎందుకని అడిగితే, "ఆ అమ్మాయిని ఎవరూ పిలవని గంట రోజు మొత్తమ్మీద ఇదొక్కటేనండీ, పడుకోనివ్వండి" అన్నారు.

మిగిలిన వాళ్ళ గురించి త్వరగా చెప్పేస్తాను. వాకింగ్‌కి తోడొచ్చే స్నేహితుడు పోయాక ఒంటరిగా నడవబుద్ధి కాక చేరిన బ్యాంకు రిటైర్డ్ బాబాయిగారు. పెళ్ళి కుదిరి, లెహంగా బ్లౌజుకి కొలతలు ఇచ్చేసి, ఆ కొలతలోకి దిగడానికి రెండు నెలల టైముతో చేరిన అమ్మాయి (దిగింది, మానేసింది). రాత్రి రెండింటికి సర్వరు పడిపోయిందని ఫోనొచ్చే ఉద్యోగంలో నిద్ర చెడగొట్టుకున్న కుర్రాడు. ఎవరి గొడవ వాళ్ళది. వీళ్ళలో ఒక్కరు కూడా మోక్షం కోసం రాలేదు.

ఇదిగో, ఇక్కడే మా ఆఫీసులో ఒక మిత్రుడికి నాతో పేచీ. చదువుకున్నవాడు, సంస్కృతం వచ్చు. "మీ క్లాసుల్లో జరిగేది యోగా కాదు, ఒళ్ళు విరుచుకోవడం. పతంజలి చెప్పింది చిత్తం గురించి, మీరు చేసేది పొట్ట గురించి" అంటాడు. సగం నిజమే. యోగసూత్రాలు మొత్తం 195 అయితే (కొన్ని ప్రతుల్లో 196) ఆసనం గురించి సూటిగా చెప్పేవి మూడే మూడు. అందులోనూ సారాంశం, కదలకుండా హాయిగా కూర్చోగలగాలి అని. తలకిందులుగా నిలబడమని పతంజలి ఎక్కడా అనలేదు.

కానీ మిగతా సగం చూడండి. సుమారు పదిహేనో శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన హఠయోగ ప్రదీపిక ఉంది. అందులో ఏ ఆసనం వేస్తే ఏ రోగం పోతుందో, ఏది చేస్తే జీర్ణశక్తి పెరుగుతుందో, ఏది చేస్తే ముడతలూ నెరిసిన వెంట్రుకలూ పోతాయో రాసుకొచ్చాడు. అంటే అప్పుడు కూడా జనం జుట్టు నెరుస్తోందనే వచ్చేవాళ్ళన్నమాట! ఇక మనం ఇప్పుడు చేస్తున్న క్లాసు యోగా అయితే నిండా నూరేళ్ళ నాటిది. లోనావ్లాలో కువలయానంద 1924లో కైవల్యధామ పెట్టి, ఆసనాలు వేసేటప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో ఎక్స్‌రేలూ పరికరాలూ పెట్టి చూడటం మొదలుపెట్టాడు. మైసూరు మహారాజు 1933లో జగన్మోహన ప్యాలెస్‌లో కృష్ణమాచార్యకి యోగశాల ఇచ్చాడు. అక్కడికి బావగారి ఇంటికి వచ్చిన పిల్లాడే బి.కె.ఎస్. అయ్యంగార్. 1918 నాటి ఫ్లూ రోజుల్లో పుట్టి, మలేరియా, టైఫాయిడ్, క్షయ అన్నీ చవిచూసిన బక్కపిల్లాడు. ఆయన కూడా చిత్తవృత్తుల్ని ఆపుదామని రాలేదు, ఒళ్ళు బాగుపడుతుందని వచ్చాడు. తొంభై అయిదేళ్ళు బతికి 2014లో పోయాడు. ఒంటి కోసం మొదలెట్టి ఆయన ఎక్కడిదాకా వెళ్ళాడో ప్రపంచం చూసింది. కాబట్టి పొట్ట కోసం వచ్చినవాళ్ళని గుమ్మం దగ్గరే ఆపేసి పరీక్ష పెట్టకండి అని నా మనవి. మిత్రుడు ఒప్పుకోలేదు. పోయిన నెల మెడ పట్టేసి మా టీచరు గారి నంబరు అడిగాడు, అది వేరే సంగతి.

అన్నట్టు ఈ మాట గురించి. మన తెలుగులో యోగం అంటే అదృష్టం. "వాడికి విదేశీ యోగం ఉంది" అంటాం. "ఏం యోగమో ఏమో" అని నిట్టూరుస్తాం. యోగా మాత్రం ఇంగ్లీషులోంచి దీర్ఘం తగిలించుకుని తిరిగొచ్చింది, అమెరికా వెళ్ళొచ్చిన మేనల్లుడి యాసలాగా. మా తాతగారి ఊళ్ళో యోగి అంటే సంసారం వదిలేసినవాడు. ఇంట్లో పిల్లలున్నవాడు యోగా మొదలెట్టాడంటే పెళ్ళాం తరఫువాళ్ళు కంగారుపడేవారు. ఆ భయం పోగొట్టింది మాత్రం టీవీ. 2000ల మధ్యలో పొద్దున్నే టీవీ ముందు కూర్చుని కపాలభాతి చెయ్యని వీధి లేదు. మా చిన్నాన్న హాల్లో బుసబుసమని పొట్ట లాగుతుంటే, వంటింట్లో కుక్కరు కూడా అదే లయలో కూసేది.

ఆ రోజుల్లోనే నేను న్యూజెర్సీలో ఉన్నాను. ఆఫీసు జిమ్‌లో మధ్యాహ్నం యోగా క్లాసు ఉండేది. మనవాళ్ళెవరూ వెళ్ళేవాళ్ళు కాదు. నన్ను చూడగానే అక్కడి టీచరుకి ప్రాణం లేచొచ్చింది. ఇండియన్ కదా, అన్నీ వచ్చేసుంటాయని. అధోముఖ శ్వానాసనం అనే పేరు సరిగ్గా పలకడం నేర్పించమంది. నేర్పించాను. శ్వానం అంటే ఏమిటో చెప్పాను. తర్వాత ఆసనం వెయ్యమంది, చేతులు నేలకి ఆనలేదు. నాకు మాట వచ్చు, ఆసనం రాదు. ఆవిడకి ఆసనం వచ్చు, మాట రాదు. ఇద్దర్నీ కలిపితే ఒక యోగి.

అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం 2022లో అమెరికా పెద్దవాళ్ళలో సుమారు 17 శాతం మంది యోగా చేశారు. ఆడవాళ్ళలో 23 శాతం పైన, మగవాళ్ళలో 10 శాతం. ఎందుకు చేశారంటే, చేసినవాళ్ళలో పదికి ఎనిమిది మంది మొత్తమ్మీద ఆరోగ్యం బాగుపడటానికి అన్నారు. (చూశారా, మొదటి సమాధానం అక్కడా అదే!) 29 శాతం దాకా నొప్పి కోసం అని చెప్పారు. ఈ ఆడ, మగ తేడా చూసి నేను ఆశ్చర్యపోయాను, ఎందుకంటే మా పొద్దుటి క్లాసులో మగవాళ్ళే ఎక్కువ. కొన్నాళ్ళు బుర్ర గోక్కున్నాక అర్థమైంది. మా క్లాసు పావు తక్కువ ఆరింటికి. ఆ టైముకి ఈ దేశంలో ఆడవాళ్ళు పాలు కాస్తుంటారు, బాక్సులు సర్దుతుంటారు. మా అమ్మ జన్మలో యోగా చెయ్యలేదు. ఇష్టం లేక కాదు, బ్రాహ్మీ ముహూర్తం అనేదంతా ఆవిడకి ఇడ్లీ పిండితోనే సరిపోయింది. స్కూలు బస్సులు వెళ్ళాక పదిన్నరకి ఇంకో బ్యాచి పెట్టండని టీచరు గారితో అన్నది మా ఆవిడ. పెట్టారు. నెల తిరక్కుండా హాలు నిండిపోయింది. ఎవరు యోగా చేస్తారు అన్నదానికి శాస్త్రం, సంస్కృతి, సంప్రదాయం అని ఏవేవో చెప్తుంటారు గానీ, నేను చూసినంతలో సగం జవాబు గడియారంలోనే ఉంది.

ఇక భయపెట్టిన సంగతి ఒకటి చెప్పాలి. మన దేశంలో పది కోట్ల మందికి షుగరు ఉందని ఐసీఎంఆర్ వాళ్ళ సర్వే 2023లో తేల్చింది. వాళ్ళలో ఒకాయన మా క్లాసులో చేరాడు. కాగితంలో ఆరోగ్యం అని రాయలేదు. "మందులు మానెయ్యడానికి" అని రాశాడు. టీచరు గారు అది చదివి మొదటిరోజే చెప్పారు, మందుల జోలికి వెళ్ళొద్దు, మాన్పించాల్సింది డాక్టరే అని. ఆయన తలూపాడు. కానీ రాత్రిళ్ళు యూట్యూబులో వేరే గురువుల మాటలు వింటున్నాడని మాకేం తెలుసు. రెండో నెలలో మాత్రలు పూర్తిగా ఆపేశాడు. ఒక పొద్దున తాడాసనంలో నిలబడినవాడు నిలబడినట్టే గోడకి జారబడిపోయాడు. ఆస్పత్రిలో చూస్తే షుగరు నాలుగొందలు దాటింది. బతికి బయటపడ్డాడు.

తర్వాత నెమ్మదిగా చెప్పాడు. వాళ్ళ నాన్నకీ షుగరే. ఏళ్ళతరబడి మాత్రలు మింగుతూనే చివరికి కాలు తీయించుకున్నాడు. ఈయన కళ్ళలో మాత్రల డబ్బా, తీసేసిన కాలు ఒకటైపోయాయి. మాత్రలు మానేస్తే కాలు దక్కుతుందని లోపల ఎక్కడో లెక్క. ఆయన మూర్ఖుడేం కాదు, భయపడ్డవాడు. యోగా క్లాసుకి భయంతో వచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు. ఆ భయాన్ని సొమ్ము చేసుకునే వాళ్ళ మీద నాకు మండుతుంది. బీపీ మాత్ర మానిపిస్తాం, ఇన్సులిన్ మానిపిస్తాం అనేవాడికి మీ పరిచయస్తుల్లో ఎవరైనా దొరికిపోతుంటే దయచేసి గట్టిగా చెప్పండి. గ్లకోమా ఉన్నవాళ్ళకి ఇంకోటి: శీర్షాసనం వేస్తే కంట్లో ఒత్తిడి రెండింతల దాకా పెరుగుతుందని మన దేశంలోనే 2006లో కొలిచి చూపించారు. ఆ సంఘటన తర్వాత మా టీచరు గారు కాగితంలో చివరి గడిని మొదటికి తెచ్చారు. "నేను యోగా టీచర్ని, మందు ఆపించే అధికారం నాకు లేదు" అని పైన అచ్చు కూడా వేయించారు.

ఇంతవరకూ వచ్చేవాళ్ళ సంగతి. రానివాళ్ళ సంగతి చెప్పాలనే అసలు ఇదంతా మొదలెట్టాను.

మా ఇంట్లో పనిచేసే ఆమెది పాలమూరు వైపు. మా బ్లాకులో నాలుగిళ్ళు చేస్తుంది, పైగా కమ్యూనిటీ హాలు ఊడ్చేది కూడా ఆమే. ఊడుస్తూ మా క్లాసు చూసేది. ఒకరోజు మా ఆవిడ "నువ్వూ చెయ్యొచ్చుగా" అని సరదాకి అంటే, "నాకెందుకక్కా యోగా గీగా, పొద్దుగాల లేస్తె వంగుడు లేసుడే గద" అని నవ్వేసింది. ఆ తర్వాత వారం నన్నే అడిగింది, "సార్, అట్ల పండుకుని కాళ్ళు లేపితె నడుము నొప్పి తగ్గుతదా?" అని. అప్పుడు తెలిసింది, రెండేళ్ళుగా మెడికల్ షాపులో నొప్పిగోలీలు కొనుక్కుని రోజూ వేసుకుంటోందని. అలా ఏళ్ళతరబడి మింగితే కడుపూ కిడ్నీలూ పాడవుతాయి. కూర్చుని కూర్చుని నాకొచ్చిందీ, వంగి వంగి ఆమెకొచ్చిందీ ఒకటే నడుంనొప్పి. నాకు ఎమ్మారై, ఫిజియో, చాప, టీచరు. ఆమెకి గోలీ.

వాళ్ళకి ఇవన్నీ పనిచెయ్యవేమో అనేవాళ్ళ కోసం ఒక్క ముక్క. బోస్టన్‌లో 2017లో ఒక ప్రయోగం ఫలితాలు వచ్చాయి. దీర్ఘకాల నడుంనొప్పి ఉన్న 320 మంది, వాళ్ళలో ఎక్కువమంది తక్కువ ఆదాయం వాళ్ళు. పన్నెండు వారాల యోగా క్లాసులు ఫిజియోథెరపీకి తీసిపోలేదని తేలింది. ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్ళలేని వాళ్ళకి ఇంతకన్నా మంచి కబురు ఏముంటుంది? చాప, ఒక గంట, చెప్పేవాళ్ళొకరు. ఇందులో వాళ్ళ దగ్గర లేనిది గంట ఒక్కటే.

టీచరు గారితో ఈ మాట అంటే, "గురువారం మధ్యాహ్నం రెండున్నరకి రమ్మనండి, ఫీజేమీ వద్దు" అన్నారు. ఇళ్ళల్లో గిన్నెల పని అయిపోయి సాయంత్రం పని మొదలవ్వని టైము అది. (మళ్ళీ గడియారమే!) మొదటి వారం ముగ్గురొచ్చారు, చీర కొంగులు నడుముకి బిగించి, సిగ్గుపడుతూ. రెండో వారం వాచ్‌మన్ భార్యతో కలిపి ఐదుగురు. టీచరు గారు వీళ్ళకి చేయించింది వేరే. ఆసనాల కంటే ముందు బకెట్టు ఎత్తేటప్పుడు నడుం కాకుండా మోకాళ్ళు ఎలా వంచాలో, చీపురు పొడుగు కర్రకి ఎందుకు కట్టుకోవాలో నేర్పించారు. చివర్న శవాసనం. మా పనామె లేచి కూర్చుని, పగటిపూట ఇట్ల పండుకుంది పిల్లలు పుట్టినప్పుడే అంది.

మూడో వారం వాట్సాప్ గ్రూపులో మెసేజి వచ్చింది. కమ్యూనిటీ హాలు ఫ్లాటు ఓనర్లకీ అద్దెకుండేవాళ్ళకీ మాత్రమేనని రూల్సులో ఉందట. చాపలు అందరూ వాడేవి కాబట్టి పరిశుభ్రత ప్రశ్న కూడా ఉందట. ఆ హాలుని రోజూ తుడిచి పరిశుభ్రం చేస్తున్నది ఎవరో ఆ మెసేజి పెట్టినాయనకి గుర్తున్నట్టు లేదు. దాని కింద ఇరవై మూడు బొటనవేళ్ళు. అందులో మూడు మాతో పాటు పొద్దున్నే ఓంకారం చెప్పేవాళ్ళవి.

2025 జూన్ 21న విశాఖలో ఆర్కే బీచ్ నించి భోగాపురం దాకా మూడు లక్షల మందికి పైగా ఒకేసారి యోగా చేసి గిన్నిస్ రికార్డు కొట్టారు. మా గ్రూపులో ఆ ఫొటోలు వందసార్లు తిరిగాయి. అందరం గర్వపడ్డాం, నేను కూడా. ఐదుగురు ఆడవాళ్ళు వారానికి ఒక గంట హాల్లో పడుకుంటామంటే మాత్రం రూల్సు పుస్తకం తియ్యాల్సొచ్చింది.

పాత చాపలు ఎనిమిది మా పిన్నిగారు, ఆ శనివారం మిత్రుడు కలిసి ఇప్పించారు, వాటి మీద వేరే రంగు టేపు అంటించాం. కాబట్టి పరిశుభ్రత ప్రశ్న తీరిపోయింది. రూల్సు సంగతి వచ్చే ఆదివారం మీటింగులో నాలుగో అంశం. మొదటి మూడూ బోరు మోటారు, విజిటర్ల పార్కింగు, వినాయక చవితి చందాలు. నాలుగోదానికి వచ్చేసరికి సగం మంది టిఫిన్లకి లేచిపోతారు కనక దాన్ని మొదటికి మార్చమని సెక్రటరీ గారికి మెయిలు పెట్టాను. ఇంకా జవాబు రాలేదు. గురువారం ఈలోపే వస్తుంది. హాలు తాళంచెవి నా దగ్గరే ఉంది.